గుంటూరు నుంచి గోవా మోటోవర్స్‌కి బండి మీద: గురువారం రాత్రి బయలుదేరితే అందుకుంటామా?

గుంటూరు_క్లాసిక్:

అన్నలూ, ముందే చెప్పేస్తున్నా, ఇది నా మొదటి లాంగ్ రైడ్. ఇప్పటిదాకా బండి మీద నేను వెళ్లిన పెద్ద దూరం శ్రీశైలమే, అది కూడా దోర్నాల దాటాక కోతులకి అరటిపళ్లు వేస్తూ తీరిగ్గా వెళ్లిన బాపతు. ఈ నవంబరులో గోవా వాగతోర్‌లో జరిగే మోటోవర్స్‌కి, అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల బండ్ల పండక్కి, మేం ముగ్గురం వెళ్దామనుకుంటున్నాం. బండ్లు రెండు క్లాసిక్ 350లు, ఒక హిమాలయన్. ఒక క్లాసిక్ మీద మా వాడు వాళ్లావిడని కూడా తీసుకొస్తానంటున్నాడు.

ప్రోగ్రాం శుక్ర, శని, ఆది. నాకు దొరికే సెలవులు రెండే, శుక్రవారం, సోమవారం. మ్యాప్‌లో చూస్తే 900 కిలోమీటర్లు, అటూ ఇటూగా. గురువారం ఆఫీసు అయ్యాక రాత్రి పదింటికి గుంటూరులో బయలుదేరి, రాత్రంతా తోలి, శుక్రవారం మధ్యాహ్నానికి వాగతోర్ చేరి, ఓ రెండు గంటలు పడుకుని లేచి సాయంత్రం షోకి వెళ్లిపోవాలని ప్లాన్. రాత్రి ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు, ఇంజను చల్లగా ఉంటుంది అని హిమాలయన్ వాడి వాదన.

అడగాల్సినవి: ఏ రూట్ మంచిది? బండికి ఏమేం చేయించాలి? ఏమేం పట్టుకెళ్లాలి? మా నాన్నగారేమో "అంత దూరం ట్రైన్లో వెళ్లలేవా, బండి ఎందుకు" అంటున్నారు, దానికీ ఏదైనా సమాధానం ఉంటే చెప్పండి.

నల్లమల_రైడర్ (నంద్యాల):

తమ్ముడూ, ఇంత రాశావు గానీ తిరిగి రావడం గురించి ఒక్క ముక్క లేదు. ఎలా వెళ్లాలో అందరూ అడుగుతారు. నా మటుకు నాకు కష్టం వచ్చింది ప్రతిసారీ వచ్చేటప్పుడే.

ముందు రాత్రి సంగతి. పదింటికి గుంటూరులో బయలుదేరితే ఒంటిగంట, రెండింటికి గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో ఉంటావు. మా ఊరి రోడ్డే, నేనే ఆ టైములో వెళ్లను. మలుపులో ఎదురుగా లారీ, పక్కన అడవి, ఫోన్ సిగ్నల్ ఉన్నచోట ఉంటుంది, లేనిచోట లేదు. పైగా పగలంతా ఆఫీసులో కూర్చుని వచ్చిన ఒళ్లు, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య కళ్లు తెరిచే నిద్రపోతుంది. ఎండ ఉండదన్నది నిజమే, రోడ్డు మీద ఏముందో కనిపించదన్నదీ నిజమే.

రూట్ నేనైతే ఇలా వెళ్తా. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల, బనగానపల్లె, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, బళ్లారి, హోసపేట. ఇది మొదటి రోజు, 500 పైనే పడుతుంది. హోసపేటలో రాత్రి పడక. రెండో రోజు కొప్పళ, గదగ్, హుబ్బళ్లి, ధార్వాడ, బెళగావి, అక్కడ హైవే వదిలి జాంబోటి మీదుగా చోర్లా ఘాట్, దిగాక సాఖళి, మపుసా, వాగతోర్. ఇది 370 దాకా. నవంబరులో ఆరింటికే చీకటి పడిపోతుంది కాబట్టి పొద్దున ఐదున్నరకి స్టార్ట్ చేసి సాయంత్రం ఐదు లోపల స్టాండు వేసెయ్యాలి. టిఫిను, టీ, పెట్రోలు, ఫొటోలు అన్నీ కలుపుకుంటే ఈ రోడ్ల మీద గంటకి సగటున 50 వస్తే గొప్ప, మ్యాప్ చెప్పే టైమ్ నమ్మొద్దు.

పెట్రోలు విషయం ఒకటి గుర్తుపెట్టుకో. మన రాష్ట్రంలో కంటే కర్ణాటకలో తక్కువ, గోవాలో ఇంకా తక్కువ. గుంతకల్లులో బళ్లారి దాకా సరిపడా పోయించుకుని, బోర్డరు దాటాక ఫుల్ చేయించు. వచ్చేటప్పుడు బళ్లారిలోనే మెడదాకా నింపుకో. క్లాసిక్ ట్యాంకు 13 లీటర్లు, లీటరుకి 35 వేసుకున్నా రానూపోనూ యాభై లీటర్లు దాటుతుంది, తిరుగుళ్లతో కలిపి ఒక్కో బండికి ఆరు వేలు పక్కన పెట్టుకో. నేషనల్ హైవే టోల్ గేట్లలో బండ్లకి డబ్బులు అడగరు, ఎడమ పక్క సందులోంచి వెళ్లిపోవడమే.

ఇక తిరుగు ప్రయాణం. మూడేళ్ల కిందట మేం నలుగురం ఆదివారం షో అయ్యాక, సోమవారం ఎవరికో డ్యూటీ ఉందని రాత్రి పదింటికి వాగతోర్‌లో కదిలాం. చోర్లాలో మంచు. హెల్మెట్ అద్దం మూస్తే తడి, తెరిస్తే కళ్లల్లో నీళ్లు. అది ఎలాగో ఎక్కేశాం. బెళగావి దగ్గర పడ్డాక హమ్మయ్య అనుకుని స్పీడు పెంచాం. అక్కడ నవంబరు అంటే చెరుకు ఫ్యాక్టరీలు ఆడే సీజన్, ఒక్కో ట్రాక్టరుకి రెండేసి ట్రాలీలు, రోడ్డు నిండా చెరుకు. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. నాకు ముందు కనిపించింది ట్రాలీ కాదు, గాల్లో ఊగుతున్న చెరుకు ఆకులు. నేను పక్కకి లాగేశా. నా వెనక వచ్చేవాడు బ్రేకు కొట్టి జారిపోయాడు, కాలర్ బోన్ విరిగింది. మూడు రోజులు బెళగావిలోనే. సోమవారం డ్యూటీ ఉందన్నది కూడా వాడే.

అందుకని చెప్తున్నా, సెలవు లెక్క చివర్నుంచి వెయ్యి. గుంటూరు ఏ రోజు చేరాలో ముందు రాసుకుని అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టు, ఎన్ని రోజులు షో చూడగలవో అప్పుడు తెలుస్తుంది.

పాత_బుల్లెట్ (విజయవాడ):

నంద్యాలాయన చెప్పింది రోడ్డు సంగతి, నేను బండి సంగతి చెప్తా. ఇది మోటోవర్స్ అని పేరు మారింది 2023లో కదా, అంతకుముందు రైడర్ మేనియా అనేవాళ్లం. ఆ రోజుల్లో నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, బయలుదేరే ముందు రోజు బండిని ఫుల్ సర్వీసుకి ఇచ్చా. ఎవరు చేశారన్నది అనవసరం. మర్నాడు గదగ్ దాటాక అణ్ణిగేరి దగ్గర కుడి బూటు జారుతున్నట్టు అనిపించింది. చూస్తే బూటు, ఫుట్‌రెస్టు, వెనక టైరు పక్కంతా ఆయిలే. డ్రెయిన్ బోల్టు సరిగ్గా బిగించలేదు. వెనక టైరు మీద ఆయిల్ పడ్డాక కూడా నేను ఎలా నిలబడ్డానో ఆ దేవుడికే తెలియాలి. పొలం నుంచి వస్తున్న ఒక పెద్దాయన ట్రాక్టరు ఆపి, టూల్ బాక్సులోంచి పాన తీసి తనే బిగించి, నన్ను ఎక్కించుకుని ఆయిలు దొరికే చోటికి తీసుకెళ్లాడు. నాకు కన్నడం రాదు, ఆయనకి తెలుగు రాదు, ఇద్దరం దారంతా "ఆయిల్, ఆయిల్" అనుకుంటూనే వెళ్లాం.

కాబట్టి సర్వీసు కనీసం పది రోజుల ముందు చేయించు, తర్వాత ఓ రెండు మూడొందల కిలోమీటర్లు తిప్పు. ఏదైనా ఊడేదుంటే ఊళ్లోనే ఊడుతుంది. తెచ్చుకున్నాక ఆయిల్ ఫిల్టర్ కవరు, డ్రెయిన్ బోల్టు, రెండు చక్రాల యాక్సిల్ నట్లు, బ్రేక్ కాలిపర్ బోల్టులు నీ చేత్తో నువ్వే ఒకసారి చూసుకో, మెకానిక్ ఏమనుకుంటాడోనని మొహమాటపడకు. బ్రేక్ ప్యాడ్లు సగానికి అరిగితే కొత్తవి వేయించు, ఘాట్ దిగేది లగేజీ బరువుతో.

మీ క్లాసిక్‌లకి పుల్లల చక్రాలా, అల్లాయ్‌వా? పుల్లలైతే లోపల ట్యూబు ఉంటుంది. ఆన్‌లైన్లో దొరికే పంచరు పుల్లల కిట్టు ట్యూబ్‌లెస్‌కే పనికొస్తుంది, మీకు దండగ. ముందు 19 అంగుళాలు, వెనక 18, ఒక్కో సైజు ట్యూబు ఒకటి కొనుక్కుని బండ్లలో సర్దుకోండి. వెనక చక్రం ఊడదీయడానికి సరిపడే పాన కూడా ఉండాలి, రోడ్డు పక్క పంచర్ షాపులో ఆ సైజు ఉంటుందని గ్యారంటీ లేదు. ఇంట్లో ఒకసారి చక్రం ఊడదీసి ఎక్కించి చూడు. మొదటిసారి నాకు రెండు గంటలు పట్టింది, మా ఆవిడ రెండు సార్లు టీ తెచ్చింది.

క్లచ్ వైరు ఒకటి, యాక్సిలరేటర్ వైరు ఒకటి, స్పార్క్ ప్లగ్గు, నాలుగు ఫ్యూజులు, చెయిన్ లూబు చిన్న డబ్బా. చెయిన్‌కి 500 కిలోమీటర్లకోసారి కొట్టాలి, అంటే హోసపేటలో సాయంత్రం బండి ఆపగానే, చెయిన్ వేడిగా ఉన్నప్పుడే. ఇంతకు మించి గ్యారేజీ మొత్తం మోసుకెళ్లొద్దు.

ఫోను హ్యాండిల్ మీద డైరెక్టుగా బిగించకు. ఆ వైబ్రేషన్‌కి కెమెరా లోపలి భాగం పాడవుతుంది, మా అబ్బాయి ఫోను అలాగే పోయింది, ఫొటో తీస్తే అంతా జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. కుదుపు ఆపే మౌంటు దొరుకుతుంది, లేదంటే చెవిలో దారి వినిపించుకో.

వెనకసీటు (హైదరాబాద్):

నలుగురు వెళ్తుంటే ముగ్గురి గురించే రాశారు. ఆ నాలుగో మనిషి గురించి ఎవరూ మాట్లాడరేం? నేను మావారి వెనక కూర్చుని మూడుసార్లు గోవా వెళ్లొచ్చాను, హైదరాబాద్ నుంచి జహీరాబాద్, హుమ్నాబాద్, కలబురగి, విజయపుర, బెళగావి రూటులో. నడిపేవాడికి పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, గుంట వస్తుందని రెండు సెకన్లు ముందే కనిపిస్తుంది. వెనక ఉన్నవాళ్లకి గుంట దిగాకే తెలుస్తుంది, అప్పటికి వెన్నులో దిగిపోతుంది.

బాబూ, ఆ అమ్మాయిని ముందు ఒక్కసారైనా రెండొందల కిలోమీటర్లు తీసుకెళ్లి తీసుకురమ్మను మీ ఫ్రెండుని. ఆ రాత్రి తను "మళ్లీ వెళ్దాం" అంటేనే గోవా. వెనక ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్ పెట్టించండి, అది షోకు అనుకుంటారు గానీ 300 దాటాక అదే ప్రాణం. 80 కిలోమీటర్లకోసారి ఆపాలి, ఎవరూ అడగకపోయినా ఆపాలి. ఆపేది చెట్టు కింద టీ కొట్టు దగ్గర కాదు, పెద్ద పెట్రోలు బంకు దగ్గర, ఎందుకంటే ఆడవాళ్లకి టాయిలెట్ కావాలి. బాత్రూం దొరకదేమో అన్న భయంతో నీళ్లు తాగకుండా కూర్చుంటాం, మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంటుంది, మగవాళ్లేమో "హెల్మెట్ టైటుగా ఉందా" అని అడుగుతారు!

హెల్మెట్ అంటే గుర్తొచ్చింది. నడిపేవాళ్లకి పది వేల హెల్మెట్, వెనక వాళ్లకి ఇంట్లో పడున్న సగం టోపీ. అలా చేయకండి. జర్కిన్, గ్లౌజులు, చీలమండ దాకా వచ్చే షూ, ఇద్దరికీ ఒకటే రకం.

సంచులు రెండు పక్కలా వేలాడేవి తీసుకుంటారేమో, కుడి పక్కది సైలెన్సర్‌కి తగలకుండా మధ్యలో రాడ్ పెట్టించండి. మాది మొదటిసారి విజయపుర దాటాక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ముందు వెళ్తున్న లారీ అనుకున్నాం. ఆగి చూస్తే సంచి అడుగు కరిగి సైలెన్సర్‌కి అట్టులా అంటుకుపోయింది, లోపల గోవాలో కట్టుకుందామని పెట్టుకున్న కొత్త డ్రెస్సుకి నా అరచేయంత చిల్లు. బరువైనవి కింద, మధ్యకి దగ్గరగా పెట్టండి. బంజీ తాళ్లు (సాగే కొక్కేల తాళ్లు) ఎంత లాగి కట్టినా వంద కిలోమీటర్లకోసారి వదులవుతాయి, బెల్టు బకిల్ ఉన్నవి మేలు.

గదులు ఇప్పుడే బుక్ చేసుకోండి. వాగతోర్‌లో ఆ మూడు రోజులు ఏ సందులో చూసినా బుల్లెట్ చప్పుడే, నిద్ర కావాలంటే సియోలిమ్, అస్సగావ్ వైపు చూడండి, దగ్గరే.

ఒమాహా_తెలుగోడు:

నేను అమెరికాలో నెబ్రాస్కా నుంచి. ఇక్కడ సౌత్ డకోటాలో స్టర్జిస్ ర్యాలీ అని 1938 నుంచి నడుస్తోంది, ప్రతి ఆగస్టులో పది రోజులు. మా ఒమాహా నుంచి దాదాపు మీ గుంటూరు–గోవా అంతే దూరం, కాకపోతే ఇక్కడ తిన్నగా ఇంటర్‌స్టేట్, గేదెలు అడ్డం రావు, బదులుగా సాయంత్రమైతే జింకలు వస్తాయి.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఇక్కడ చాలామంది బండిని ట్రైలర్ మీద ఎక్కించుకుని, ఏసీ ట్రక్కు నడుపుకుంటూ వచ్చి, ఊరి బయట దించుకుని, అక్కణ్నుంచి హీరోల్లా స్వారీ చేస్తారు. నడిపి వచ్చినవాళ్లు వాళ్లని ఆటపట్టిస్తారు, వాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. సెలవు తక్కువ ఉన్నవాడు అదే చేస్తాడు. మీకు అక్కడ ట్రైన్ పార్సిల్ ఉంది కదా? మీ నాన్నగారి మాట అంత కొట్టిపారేయాల్సింది కాదు.

నల్లమల_రైడర్:

ఒమాహా అన్న చెప్పింది కరెక్టే, నాకు తట్టలేదు. అసలు తమాషా ఏంటంటే అమరావతి ఎక్స్‌ప్రెస్ దాదాపు ఇదే దారి. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, గిద్దలూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి, హోసపేట, గదగ్, హుబ్బళ్లి. ఒకటి హుబ్బళ్లి దాకా వెళ్తుంది, వారంలో కొన్ని రోజులు నడిచే ఇంకొకటి అక్కణ్నుంచి వాస్కో దాకా పోతుంది. బండి మీద వెళ్తుంటే చాలాచోట్ల పట్టాలు పక్కనే కనిపిస్తాయి.

బండి పంపాలంటే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ జిరాక్స్, ఐడీ కావాలి, గోనెపట్టాలు చుట్టించాలి, అద్దాలు విప్పి సంచిలో వేసుకోవాలి. నీ టికెట్ మీద లగేజీగా బుక్ చేస్తే ఖాళీ ఉన్నంతవరకు నీ ట్రైన్లోనే వస్తుంది, ఉత్త పార్సిల్‌గా వేస్తే ఎప్పుడు ఎక్కిస్తారో వాళ్ల ఇష్టం. మూడు బండ్లు ఒకేసారి అంటే కష్టం, ముందే పార్సిల్ ఆఫీసుకి వెళ్లి కనుక్కో. నా మాట వింటే వెళ్లేటప్పుడు తోలుకెళ్లు, వచ్చేటప్పుడు ఒళ్లు సహకరించకపోతే హుబ్బళ్లిలో ఎక్కించేసే దారి ఒకటి చేతిలో పెట్టుకో. సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇంకో రెండు ముక్కలు. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అన్నీ డిజిలాకర్‌లో పెట్టుకో, చెల్లుతాయి, కానీ నెట్ రాని చోట కోసం జిరాక్సులు కూడా ఉంచు. సైలెన్సర్ మార్చిన బండి ఉంటే ఒరిజినల్ వేయించండి, మూడు రాష్ట్రాల పోలీసులకి ముగ్గురికీ విడివిడిగా కట్టాల్సి వస్తుంది. గోవా సీసాలు బండిలో వేసుకురాకండి, చెక్‌పోస్టులో సంచులు విప్పించి రోడ్డు మీద నిలబెడతారు, వెనక ఆ అమ్మాయి కూడా ఉంటుంది.

బళ్లారి, హోసపేట మధ్య గనుల లారీలు, ఎర్ర దుమ్ము. అద్దం తుడవడానికి తడిగుడ్డ పై జేబులో పెట్టుకో. పల్లెల్లో స్పీడు బ్రేకర్లకి రంగు ఉండదు, ఒక్కోచోట జొన్నలో మొక్కజొన్నలో రోడ్డు మీదే ఆరబోస్తారు, గింజల మీద బ్రేకు కొడితే గోళీల మీద కొట్టినట్టే. గుంతకల్లులో ఉగ్గాని బజ్జీ తినకుండా మాత్రం దాటొద్దు, కారం తట్టుకోగలవు కదా, గుంటూరోడివి.

గుంటూరు_క్లాసిక్:

అందరికీ దండాలు. రెండు వారాలు మాట్లాడకుండా ఉన్నది అలిగి కాదు, మీరు చెప్పినవన్నీ చేస్తూ ఉన్నా.

నల్లమల అన్న చెప్పినట్టు చివర్నుంచి లెక్కేశా. బుధవారం ఆఫీసులో ఉండాలంటే మంగళవారం రాత్రికి గుంటూరు చేరాలి, సోమవారం రాత్రి హోసపేట, అంటే ఆదివారం షో మొత్తం చూసి రాత్రి గదిలో పడుకోవచ్చు. వెళ్లేటప్పుడు శుక్రవారం పొద్దున ఐదున్నరకి బయలుదేరి హోసపేట, శనివారం మధ్యాహ్నం మూడు ప్రాంతంలో వాగతోర్. శుక్రవారం ప్రోగ్రాం పోయినట్టే. హిమాలయన్ వాడు కాసేపు ఏడ్చాడు గానీ చెరుకు ట్రాలీ సంగతి చదివి వినిపించాక ఊరుకున్నాడు. మేనేజర్‌కి జ్వరమనీ పెళ్లనీ కాకుండా ఉన్నదున్నట్టు చెప్పా, మంగళవారం కూడా ఇచ్చాడు, బదులుగా డిసెంబరులో రెండు శనివారాలు రావాలట.

మొన్న ఆదివారం ట్రయల్‌గా గిద్దలూరు దాకా వెళ్లొచ్చాం, రానూపోనూ 390. కంభం చెరువు దగ్గర ఆగేసరికి నాకు నడుము పట్టేసింది, బండి దిగాక ఓ నిమిషం వంగే నిలబడ్డా. వినుకొండకి ముందే బంజీ తాడు వదులై సంచి పక్కకి వేలాడుతోంది, వెనకసీటు అక్క చెప్పినట్టే, వెనక వస్తున్న ఆటో అతను హారన్ కొట్టి చూపించాడు. హిమాలయన్ వాడు ముందుకి దూసుకెళ్లి మాకు ఇరవై నిమిషాలు కనిపించలేదు, అందుకని ఇప్పుడు రూల్ ఏంటంటే ఇద్దరున్న బండి ముందు, వాడు చివర. మా వాడి భార్యకి బ్యాక్‌రెస్ట్ పెట్టించాం. "మళ్లీ వెళ్దాం" అంది, కాకపోతే తను కూడా సగం దూరం తోలుతుందట, లైసెన్సు ఉందట, మాకెవరికీ తెలియదు!

నాన్నకి అమరావతి ఎక్స్‌ప్రెస్ సంగతి చెప్పా. "బండి పాడైతే ఏ స్టేషన్లో ఎక్కించాలి" అని ఒక కాగితం మీద వరసగా స్టేషన్ల పేర్లు రాసి ఇచ్చారు. ట్యాంకు కవరులో పెట్టుకున్నా.

పాత_బుల్లెట్:

అదంతా సరేగానీ, డ్రెయిన్ బోల్టు చూశావా?

గుంటూరు_క్లాసిక్:

చూశానన్నా. నిన్న రాత్రి కూడా చూశా. మూడు బండ్లవీ.